చిరివేరు ఎరుపు: మొక్కది ఎంత, మట్టిది ఎంత

రెండేళ్ళ కిందట జూన్‌లో వేసిన విత్తనం. పందొమ్మిది నెలలు నిండాక, మొన్న జనవరిలో, మిద్దె మీదున్న పైపు తొట్టిని పక్కకి వాల్చి, లోపలి ఇసుకని నీళ్ళతో మెల్లగా కరిగిస్తూ ఒక చిరివేరు మొక్కని బయటికి తీశాను. పైన జానెడు మొక్క, కింద మూరెడు వేరు. ఆ వేరు కూడా గోనెసంచి కుట్టే పురికొస కంటే లావు లేదు. గోటితో గీరితే పైపొట్టు నారింజ రంగులో ఊడి వచ్చింది. కొంచెం నోట్లో వేసుకుని నమిలాను. రుచి ఏమీ తెలియలేదు గానీ ఉమ్మి మాత్రం పసుప్పచ్చగా అయింది. ఎరుపు జాడ ఎక్కడా లేదు.

గీరిన పొట్టుని స్టీలు గిన్నెలో వేసి మరిగే నీళ్ళు పోస్తే టీ డికాషన్ రంగు దిగింది. అందులో తమలపాకుకి రాసుకునే సున్నం పెసరగింజంత వేసి చెంచాతో కలిపాను. రెండు తిప్పులు తిప్పేలోపే గిన్నెలో నీళ్ళు నెత్తురు రంగుకి మారాయి. ఇలా అవుతుందని ముందే చదివాను. అయినా కళ్ళెదుట జరిగేసరికి చెయ్యి ఆగిపోయింది.

మచిలీపట్నం అద్దకాలకి పేరు తెచ్చిన ఎరుపు ఈ వేరుదే. డచ్చివాళ్ళు 1605లో, ఇంగ్లీషువాళ్ళు 1611లో ఆ రేవులో దిగింది ప్రధానంగా మన గుడ్డల కోసం. ఎన్ని ఉతుకులు ఉతికినా వెలవని రంగులు అప్పటికి యూరప్‌లో పత్తి గుడ్డ మీద ఎవరికీ చేతకాలేదు. ఆ దిగుమతుల దెబ్బకి తట్టుకోలేక ఫ్రాన్సు 1686లో మన అద్దకం గుడ్డల్ని నిషేధించింది, 1759 దాకా ఆ నిషేధం ఎత్తలేదు. ఇంగ్లండు కూడా 1700లో ఒకసారి, 1721లో ఇంకోసారి చట్టాలు చేసింది. ఇంత గొడవకి మూలమైన మొక్క ఏదని ఇవాళ కృష్ణా, బాపట్ల జిల్లాల్లో అడిగితే చెప్పగలిగేవాళ్ళు బాగా తక్కువ. పెంచుతున్నవాళ్ళు ఇంకా తక్కువ.

దీని గురించి మాట్లాడుకునేటప్పుడు మూడు సంగతులు కలగాపులగం అయిపోతుంటాయి. అసలు అది ఏ మొక్క, దాని రంగు గుడ్డని ఎలా పట్టుకుంటుంది, చివరికి ఎందుకు కనుమరుగైంది. పెంచాలని సరదా పడేవాళ్ళు కూడా ఈ గందరగోళంలోనే ఒకటి రెండేళ్ళు పోగొట్టుకుంటారు. అందుకే ఒక్కొక్క ముడీ విప్పుకుంటూ వెళ్దాం.

ఏది చిరివేరు, ఏది కాదు

కొందరు చెరివేరు అని కూడా అంటారు. తమిళంలో సాయవేరు. సాయం అంటే వాళ్ళకి రంగు. ఇంగ్లీషు వర్తకుల లెక్కల పుస్తకాల్లో 'చే రూట్' అని కనిపించేది ఇదే. శాస్త్రీయ నామం ఓల్డెన్‌లాండియా అంబెల్లేటా. కాఫీ, నూరువరహాలు, తొగరు, మంజిష్ఠ ఇవన్నీ దీని కుటుంబంలోవే. సన్నని ఆకులు, నేలకి దగ్గరగా గుబురుగా పెరిగే కొమ్మలు, చివర్లలో గొడుగులా గుత్తి కట్టే తెల్లటి చిన్న పూలు. ఒక్కో పువ్వుకి నాలుగే రేకులు, పువ్వు మొత్తం కలిపినా ఆవగింజకి కాస్త పెద్దది. పూలు చూసి ఇది రంగు మొక్క అని ఎవరూ అనుకోరు.

ఎర్రరంగు ఇచ్చే వేళ్ళు మన ప్రాంతంలో ఇంకొన్ని ఉన్నాయి. మంజిష్ఠ కొండ ప్రాంతాల్లో పాకే తీగ. తొగరు చెట్టు. సురుగుడు అడవుల్లో పెరిగే లావుపాటి తీగ, దాని వేరు చెక్కని శ్రీకాళహస్తి కలంకారీలో వాడతారు. (సముద్రం ఒడ్డున తోటలుగా వేసే సరుగుడు చెట్టు వేరే, ఈ సురుగుడు తీగ వేరే. అక్షరం తేడాతో చాలామంది పొరబడతారు.) ఇవన్నీ ఎరుపు వర్గమే అయినా ఎరుపులో తేడాలున్నాయి. మంజిష్ఠ ఇటుక రంగు వైపు పోతుంది, తొగరు గోధుమ వైపు దిగుతుంది. చిరివేరుది కల్తీ లేని ఎరుపు. ఎందుకన్నది రసాయనం దగ్గరికి వచ్చినప్పుడు చెప్తాను.

నేను మొదటిసారి ఆన్‌లైన్‌లో తెప్పించుకున్న 'చిరివేరు' పొట్లంలో వచ్చింది మంజిష్ఠ. విరిస్తే లోపలిదాకా ఎర్రగా, పుల్లల్లాగా ఉంది. చిరివేరుకి రంగంతా పైపొట్టులోనే ఉంటుంది, మధ్యలో ఈనె పాలిపోయి ఉంటుంది. పొట్లం కొనేవాళ్ళు ముందు ఒక వేరు విరిచి చూసుకోండి.

రెండో పొరపాటు ఇంకా నష్టం చేసింది. విత్తనం వేసిన తొట్టిలో మొలిచిన మొక్కల్ని మూడు నెలలు కంటికి రెప్పలా చూసుకున్నాక, అవి దీని దగ్గరి చుట్టమైన వెర్రినేలవేము అని తేలింది. అది ఓల్డెన్‌లాండియా కోరింబోసా, వానాకాలంలో ప్రతి కుండీలోనూ తనంతట తనే మొలిచే కలుపు. ఆకు అచ్చం అలాగే ఉంటుంది. పూలు వచ్చాక గానీ తేడా తెలియలేదు. వెర్రినేలవేముకి ఒక కాడ మీద ఒకటో రెండో, మహా అయితే నాలుగో పూలు ఎడంగా ఉంటాయి. చిరివేరుకి గుత్తి బిగువుగా ఉంటుంది. పూలదాకా ఆగనక్కర్లేకుండా ఇంకో పరీక్ష ఉంది. రెండు మూడు నెలల మొక్కని ఒకదాన్ని పీకి వేరు చూడండి. కలుపుదైతే తెల్లగా ఉంటుంది. చిరివేరుకి ఆపాటికే పసుపు పట్టి ఉంటుంది.

ఆ తీరం, ఆ ఇసుక

1618 నుంచి 1622 దాకా మచిలీపట్నంలో ఉన్న విలియం మెథ్వోల్డ్ అనే ఇంగ్లీషు వర్తకుడు గోల్కొండ రాజ్యం గురించి రాసిన వివరాల్లో ఈ మొక్క ప్రస్తావన ఉంది. పెటపోలి అని విదేశీయులు పిలిచిన చోటు, అంటే ఇప్పటి నిజాంపట్నం, దీనికి పెట్టింది పేరు. వేరు వ్యాపారం పాలకుల చేతుల్లో ఉండేది. సింహళంలో జాఫ్నా, మన్నారు వైపు కూడా ఈ వేరు దొరికేది. అక్కడ తవ్వుకునే హక్కుని ప్రభుత్వమే గుప్పిట్లో పెట్టుకుని గుత్తకి ఇచ్చేది.

గాస్టన్ లోరాన్ కేర్దూ అనే ఫ్రెంచి పాద్రీ 1742లో ఇక్కడి అద్దకం పద్ధతిని అంచెలంచెలుగా వివరిస్తూ తన దేశానికి పెద్ద ఉత్తరం రాశాడు. మతం పుచ్చుకున్న రంగు పనివాళ్ళని అడిగి తెలుసుకున్న వివరాలవి. కేర్దూకి తెలుగు బాగా వచ్చు, తెలుగు నిఘంటువు మీద కూడా పనిచేశాడు. ఆ భాష రాకపోయి ఉంటే ఆ రహస్యాలు అంత వివరంగా సముద్రం దాటేవి కావేమో. తరాల తరబడి చేతుల్లో దాచుకున్న పని ఒక ఉత్తరంలో వెళ్ళిపోయింది. అది చదివిన ప్రతిసారీ నాకు బాధగానే ఉంటుంది.

ఆ తర్వాత విలియం రాక్స్‌బరో. సామర్లకోటలో తోట పెట్టి తీరంలోని మొక్కల్ని శ్రద్ధగా పరిశీలించిన వైద్యుడు. 1795లో వెలువడిన కోరమాండల్ తీరపు మొక్కల మొదటి సంపుటంలో చిరివేరుకి బొమ్మతో సహా చోటిచ్చాడు. గీరితే నారింజ రంగు, ఉమ్మి పసుపు, సున్నపు తేట పోస్తే నెత్తురు ఎరుపు అని నేను మిద్దె మీద చూసినవన్నీ ఆయన రెండు వందల ఏళ్ళ కిందటే నమోదు చేశాడు.

ఈ పాత రాతలన్నీ కలిపి చదివితే ఒక మాట మళ్ళీ మళ్ళీ తగులుతుంది. మంచి చిరివేరు సముద్రం దగ్గరి తేలిక ఇసుకలో, అందులోనూ గుల్లలు నుగ్గునుగ్గయి కలిసిన ఇసుకలో దొరుకుతుందని. ఇంకోటి, సాగు చేసిన వేరు కంటే దానంతటది పెరిగిన వేరు పొట్టిగా ఉన్నా రంగు నాలుగోవంతు ఎక్కువ ఇస్తుందని. ఈ రెండూ పెంచేవాళ్ళకి చాలా ముఖ్యమైన సంగతులు. ఎందుకో అర్థం కావాలంటే కాసేపు కాగు దగ్గరికి వెళ్ళాలి.

కాగులో ఏం జరుగుతుంది

ఉత్త పత్తి గుడ్డని చిరివేరు నీళ్ళలో ఎంతసేపు ఉడకబెట్టినా మురికి గులాబీ మరక ఒకటి పడుతుంది, రెండు ఉతుకులకి పోతుంది. రంగుకీ నూలుకీ మధ్య ఏదో ఒకటి నిలబడి రెండింటినీ పట్టుకోవాలి. ఆ పని చేసేది పటికలోని అల్యూమినియం. పత్తి అల్యూమినియాన్ని కూడా సరిగ్గా పట్టుకోదు కాబట్టి దానికంటే ముందు కరక్కాయ. కరక్కాయ వగరు నూలులోకి దిగితే, ఆ వగరుని పటిక పట్టుకుంటుంది. కరక్కాయతో పాటు గేదె పాలు కూడా పట్టిస్తారు. పాలలో కొవ్వు ఉండటం వల్ల తర్వాత పెట్టే ద్రావణం గుడ్డ మీద పక్కలకి పాకకుండా గీత గీతగానే నిలుస్తుంది.

కలంకారీ చూసేవాళ్ళలో చాలామందికి తెలియని సంగతి ఇది. ఎర్రపువ్వు కోసం పనివాడు అచ్చుతోనో కలంతోనో అద్దేది పటిక నీళ్ళు. అప్పటికి అక్కడ ఎరుపు ఉండదు. ఆ గుడ్డని పారే నీళ్ళలో జాడించి, ఎక్కువైన పటికని వదిలించి, ఆ తర్వాత వేరు ఉడుకుతున్న కాగులో దించుతారు. పటిక పడ్డ చోటల్లా ఎరుపు పొడుచుకొస్తుంది. పటిక లేని చోట్ల పట్టిన మసక రంగుని పేడనీళ్ళలో నానబెట్టి, ఎండలో పరిచి, ఆరినప్పుడల్లా నీళ్ళు చల్లుతూ పోగొడతారు. పటిక బదులు ఇనుము తగిలితే అదే కాగులో నలుపు వైపు తిరుగుతుంది, రెండూ కలిస్తే చాక్లెట్ రంగు. వేరు ఒకటే, కాగు ఒకటే. ఏ రంగు రావాలో ముందే గుడ్డ మీద రాసి ఉంటుంది.

చీరాల, పుట్టపాకల్లో నేసే తేలియా రుమాలు అనే గుడ్డది ఇంకో దారి. అక్కడ నూలుని రోజుల తరబడి నూనెలోనూ, ఆముదం కాయల డొల్లలు కాల్చిన బూడిద నీళ్ళలోనూ మార్చి మార్చి నానబెట్టి పిసుకుతారు. పేరులో 'తేలియా' ఆ నూనె వల్లే వచ్చింది. నూనె, పటిక, ఎర్రరంగు మూడూ కలిసి నూలులోపల ముద్దగా కుదురుకుంటే ఆ ఎరుపు ఇక కదలదు.

ఇప్పుడు గుల్లల సంగతి. చిరివేరులో ప్రధానమైన రంగు పదార్థం అలిజరిన్. అది అల్యూమినియంతో ఒక్కదానితోనే జతకడితే ఎరుపు పేలవంగా ఉంటుంది. నిండు ఎరుపు రావాలంటే ఆ జతలోకి కాల్షియం కూడా రావాలి, అంటే మన భాషలో సున్నం. యూరప్‌లో ఈ విషయం ఒకాయనకి కష్టపడి తెలిసింది. జాన్ మిషెల్ హౌస్‌మాన్ అనే ఫ్రెంచి అద్దకం నిపుణుడికి రూవాన్ ఊళ్ళో చక్కటి ఎరుపు వచ్చేది. కొల్మార్ దగ్గరికి మకాం మార్చాక అక్కడివాళ్ళు వాడే అదే మంజిష్ఠ జాతి వేరుతో, అదే పద్ధతిలో చేసినా రంగు రాలేదు. కొత్త ఊరి నీళ్ళలో సున్నం లేదని కనిపెట్టి, కాగులో సుద్ద పొడి వేశాక ఎరుపు తిరిగొచ్చింది.

అది నిజమో కాదో నేనే చూసుకోవాలనుకున్నాను. అగ్గిపెట్టెంత గుడ్డ ముక్కలు రెండు తీసుకుని, ఒకే కరక్కాయ, ఒకే పటిక పట్టించి, ఒకదాన్ని మా వంటింటి ఆర్‌వో నీళ్ళలో, ఇంకోదాన్ని బోరు నీళ్ళలో ఒకే బరువు వేరుతో ఉడికించాను. బకెట్ల అడుగున తెల్లటి పొర కట్టే ఉప్పు బోరు మాది. దాంతో పప్పు ఉడకదని ఇంట్లో రోజూ తిట్టుకుంటాం. ఆర్‌వో ముక్క ఎండిన రోజా రేకులా తేలింది. బోరు నీళ్ళ ముక్క దానిమ్మ గింజలా మెరుస్తోంది. రెండూ నా బల్ల మీద పక్కపక్కనే ఉన్నాయి.

ఆ లెక్కన చూస్తే నిజాంపట్నం ఇసుకకి ఎందుకంత పేరొచ్చిందో తెలుస్తుంది. గుల్ల ఇసుకలో పెరిగిన వేరు తనతో పాటే సున్నాన్ని కూడా కొంత కాగులోకి మోసుకొస్తుంది. మన తీరంలో ఇళ్ళకి గుల్లసున్నం కాల్చింది కూడా ఆ గుల్లల్నే.

పెంపకం

తొట్టి లోతుగా ఉండాలి. మామూలు పూలకుండీ పనికిరాదు, వేరు అడుగు తగిలి చుట్టుకుపోతుంది. నేను ఆరంగుళాల పీవీసీ పైపుని రెండడుగుల ముక్కలుగా కోయించి, అడుగున వల కట్టి, ఇటుకల మీద నిలబెట్టాను. నేల ఉన్నవాళ్ళకి ఈ తిప్పలు లేవు, ఎత్తు మడి చాలు. రెండు పాళ్ళు వాగు ఇసుక, ఒక పాలు ఎర్రమట్టి, గుప్పెడు బాగా మాగిన పశువుల ఎరువు, ఇంకో గుప్పెడు నూరిన గుల్లల పొడి. నల్లరేగడి మాత్రం వద్దు. వానకి ముద్దయి వేరుని కుళ్ళబెడుతుంది, వేసవిలో బిగుసుకుని తవ్వనివ్వదు.

విత్తనం దుమ్ములా ఉంటుంది. పొడి ఇసుకలో కలిపి పైపైన చల్లాలి, మీద మట్టి కప్పకూడదు. తొలకరి పడ్డాక జూన్, జూలై నెలలు అనువైన కాలం. నీళ్ళు పోయడంలోనే అందరూ దెబ్బతినేది. మగ్గుతో పోస్తే విత్తనమంతా ఒక మూలకి కొట్టుకుపోతుంది. స్ప్రేయర్‌తో మంచులాగా కొట్టాలి, మొలక వచ్చేదాకా పైపొర ఆరనివ్వకూడదు. నేను పైన తడి గోనె గుడ్డ కప్పి, రోజూ పొద్దున ఎత్తి చూసేవాణ్ణి. పన్నెండో రోజున మొదటి మొలకలు, ఇరవై దాటాక కూడా ఒకటీ అరా. మొలిచినవన్నీ ఒకేసారి రావు, తొందరపడి తొట్టి తిరగదోడకండి.

మొలిచిన చోటే పెరగనివ్వాలి. తల్లివేరు నిలువుగా దిగే మొక్క కాబట్టి పీకి నాటితే వేరు తెగి పక్కవేళ్ళు పుట్టుకొస్తాయి, గీరడానికి ఏమీ మిగలదు. ఒక్కో పైపులో ఏడెనిమిది మొక్కలు ఉంచి మిగతావి తీసేశాను. మొదటి మూడు నెలలూ కలుపు తీతే పని, అది కూడా చూపుడువేలు బొటనవేలుతో తీయాలి. ఆ తర్వాత మొక్క గట్టిపడుతుంది. మే నెల ఎండలో మిద్దె మీద గులాబీలు మాడిపోతుంటే ఇది రోజు విడిచి రోజు నీళ్ళతో పచ్చగానే ఉంది. తీరపు ఇసుకలో పుట్టిన మొక్క కదా, ఎండకి అలవాటు పడినది.

ఎరువు విషయంలో చెయ్యి ఆపుకోవాలి. ఒక పైపులో ఎరువు రెండింతలు వేసి చూశాను. మొక్క గుబురుగా, కళకళలాడుతూ లేచింది. తీసి చూస్తే వేరు దారంలా ఉంది, పొట్టు పలచన. ఎరువు తక్కువైన పైపులో మొక్క బక్కగా ఉన్నా వేరు లోతుకి దిగి, పొట్టు మందంగా పట్టింది. దానంతటది పెరిగిన వేరుకే రంగు ఎక్కువని పాతవాళ్ళు రాసింది నాకు ఇక్కడ గుర్తొచ్చింది. నా రెండు పైపులతో శాస్త్రం తేలదు. అయినా నేను మాత్రం ఆ దారినే పోతాను.

ఏడాదిలోపు తవ్వితే శ్రమంతా వృథా. వదిలేస్తే ఏళ్ళ తరబడి బతికే మొక్క, సాగులో మాత్రం రెండో ఏడు దాటగానే తీసేవాళ్ళు. తీసేముందు రోజు బాగా తడిపి, ఇసుకని కరిగించి లాగాలి. గునపం పెట్టి లాగితే సగం వేరు కిందే తెగి ఉండిపోతుంది. నీడలో వాడనిచ్చి, ఎండలో గలగలమనేదాకా ఎండబెట్టి గుడ్డసంచిలో దాచుకోవచ్చు.

ఇక లెక్క. ఒక మొక్క వేరు ఎండాక రెండు గ్రాముల లోపే తూగింది. ఒక నూలు చీర అర కిలో అనుకుందాం. గుడ్డ బరువులో సగమైనా వేరు కావాలి అనుకుంటే, ఒక చీరకి కనీసం నూట పాతిక మొక్కలు, రెండేళ్ళ కాలం. చేల నిండా పెంచిన పంట కాబట్టే, తవ్వి అమ్మే జనం ఉండబట్టే ఆ వ్యాపారం నడిచింది.

అదే పదార్థం, వేరే పుట్టుక

ఆ లెక్కని జర్మనీ తిరగరాసింది. 1868లో కార్ల్ గ్రేబ, కార్ల్ లీబర్మన్ అనే ఇద్దరు రసాయన శాస్త్రవేత్తలు తారులోంచి వచ్చే ఆంత్రసీన్ అనే పదార్థంతో అలిజరిన్ తయారు చేశారు. ఒక మొక్కలో ఉండే రంగుని ప్రయోగశాలలో యథాతథంగా తయారు చేయడం అదే మొదలు. మరుసటి ఏడు జూన్ 25న వాళ్ళ తరఫున లండన్‌లో పేటెంటు దరఖాస్తు పడింది. ఆ మర్నాడే విలియం హెన్రీ పెర్కిన్ అనే ఇంగ్లీషు శాస్త్రవేత్త అదే రంగుకి తన దరఖాస్తు పెట్టాడు. పదేళ్ళు తిరిగేసరికి ఫ్రాన్సులో మంజిష్ఠ జాతి వేరు పండించే పొలాలు కుదేలయ్యాయి. మన తీరానికి కూడా అలిజరిన్ డబ్బాల్లో దిగింది. రెండేళ్ళు కాపు కాసి పీకే వేరు, సంచి విప్పితే దొరికే పొడితో పోటీ పడలేకపోయింది.

ఈ కథలో నన్ను కదిలించేది ఇంకొకటి. ఆ పెర్కిన్ కొడుకు ఆర్థర్ జార్జ్ పెర్కిన్, హమ్మెల్ అనే సహచరుడితో కలిసి 1890ల్లో మన చిరివేరుని శ్రద్ధగా విశ్లేషించాడు. తండ్రి తయారు చేసిన రంగు ఏ మొక్కలకి పని లేకుండా చేసిందో, కొడుకు ఆ మొక్కల్లో ఏముందో ఓపిగ్గా రాసిపెట్టాడు. వాళ్ళకి తేలిందేమిటంటే చిరివేరులో అలిజరిన్ ఉంది, దానికి దగ్గరి బంధువులైన మరికొన్ని పదార్థాలున్నాయి, కానీ పర్‌ప్యూరిన్ లేదు. ఎరుపుని నారింజ వైపు లాగేది ఆ పర్‌ప్యూరినే. మంజిష్ఠలో అది దండిగా ఉంటుంది, యూరప్‌లో పండించిన మంజిష్ఠ జాతి వేరులోనూ ఉంటుంది. చిరివేరు ఎరుపు కల్తీ లేకుండా ఉండటానికి కారణం ఇదే.

పెడన, మచిలీపట్నాల్లో ఇవాళ అద్దే ఎరుపులో ఎక్కువభాగం ఫ్యాక్టరీ అలిజరిన్‌దే. దీన్ని కొందరు నకిలీ అంటారు. నేను అనను. వేరులోని అలిజరిన్, డబ్బాలోని అలిజరిన్ అణువు అణువుకీ ఒకటే. కరక్కాయ, పటిక, పారే నీళ్ళు, ఎండ, పేడనీళ్ళు, ఆ చేతి పనంతా ఇప్పటికీ అదే. అయితే అలిజరిన్ గుడ్డ మీద 'పూర్తిగా మొక్కల రంగులు' అని చీటీ అంటించడం మాత్రం తప్పు. వేరులో అలిజరిన్ ఒంటరిగా ఉండదు, దాని బంధువులూ సున్నమూ కలిసి కాగులోకి దిగుతాయి. అందుకే వేరు ఎరుపులో కొంచెం లోతు, ముక్కకీ ముక్కకీ చిన్న తేడా కనిపిస్తుంది. పొడి ఎరుపు ఎప్పుడూ ఒకేలా ఉంటుంది. ఏది కావాలో కొనేవాళ్ళు ఎంచుకోవాలంటే ముందు ఏది ఏదో వాళ్ళకి చెప్పాలి.

చిరివేరుని మళ్ళీ వాడదాం అనగానే ఉత్సాహపడి ఇసుకదిబ్బల మీద దొరికింది దొరికినట్టు తవ్వుకొచ్చేవాళ్ళు ఉంటారు. దయచేసి ఆ పని చేయకండి. ఆకు కోస్తే మళ్ళీ చిగురిస్తుంది గానీ వేరు తీస్తే మొక్క చచ్చినట్టే. సాగు ఒక్కటే దారి. టిష్యూ కల్చర్‌తో మొక్కలు పెంచడం, ఉత్త వేళ్ళనే సీసాల్లో పెంచి అలిజరిన్ తీయడం లాంటి ప్రయత్నాలు మన దేశంలోనే ప్రయోగశాలల్లో జరిగాయి. నాకు మాత్రం ఒక ఆశ ఉంది. బాపట్ల నుంచి మచిలీపట్నం దాకా తీరంలో సరుగుడు వేసే రైతులు ఉన్నారు. సరుగుడు ఎదిగి నీడ కమ్మేలోపు మొదటి రెండేళ్ళూ వరసల మధ్య ఇసుక ఖాళీగానే ఎండలో ఉంటుంది. చిరివేరుకి కావలసింది అదే ఇసుక, అవే రెండేళ్ళు. ఎవరైనా పది సెంట్లలో వేసి చూస్తే, ఆ వేరుని మంచి ధరకి కొంటానని ఒక్క అద్దకం కుటుంబమైనా ముందే మాటిస్తే, లెక్క ఎలా ఉంటుందో తేలిపోతుంది.

మా మిద్దె మీద ఇంకా ఆరు మొక్కలున్నాయి. వాటిని తవ్వను. ఇప్పుడు గుత్తుల్లో సగం పూలు, సగం కాయలు. కాయ గోధుమ రంగుకి తిరిగి పగిలితే విత్తనం గాలికే పోతుంది, అందుకని ఒక్కో గుత్తికి పాత న్యూస్‌పేపరు పొట్లం తొడిగి దారంతో వదులుగా కట్టాను. పొద్దున్నే వెళ్ళి పొట్లాన్ని వేలితో తట్టి చూస్తుంటాను. నిన్న మొదటిసారి లోపల సన్నగా రాలిన చప్పుడు వినిపించింది.